పునరావాస కేంద్రానికి చోటు చూసేటప్పుడు

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

వానాకాలానికి ముందే మీ మండలంలో పునరావాస కేంద్రాలకు స్థలాలు చూడమన్నారనీ, ఊరిబయట ఒక మైదానం ఖాళీగా ఉందనీ రాశావమ్మా. నాకు ఆ ఖాళీ మీదే అనుమానం. మన చిత్తూరు సీమలో చెరువులు చాలావరకు గొలుసుకట్టు కాబట్టి, ఒకటి నిండాక దాని మరవ మీదుగా పొర్లే నీరు కింది చెరువుకు పోయే దారి ఎండల్లో చదునైన మైదానంలాగే కనబడుతుంది. పెద్దలు అక్కడ ఇల్లు కట్టకుండా వదిలేశారంటే కారణం ఉండే ఉంటుంది. ఊరి భూముల లెక్క రాసే అడంగల్‌లో అది వాగు పోరంబోకో, చెరువు పోరంబోకో చూసి, ఆ తరువాత చెరువు నీళ్లు పొలాలకు వదిలే ఊరి నీరుగంటిని వెంటబెట్టుకొని ఆ చోటంతా నడిచి రా.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, పక్కా భవనమన్న ఒక్క కారణంతో, చెరువు కట్ట కింద ఉన్న బడిలో జనాన్ని దింపాను. అర్ధరాత్రి గదుల్లోకి నీళ్లు వచ్చాయి. పసిబిడ్డను గుండెలకు హత్తుకొని మోకాటి లోతు నీళ్లలో నడిచిన బాలింత ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. 2021 నవంబరులో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించిన రోజుల్లో నాకు ఆ రాత్రే గుర్తుకొచ్చింది. కట్ట కింది బడి ఎంత గట్టిదైనా నీ జాబితాలో ఉండకూడదు. అట్లాగని కొండ పాదానికి మరీ దగ్గరగా వెళ్లినా ప్రమాదమే. అదే నెలలో చరియలు విరిగిపడి తిరుమల ఘాట్ రోడ్లను మూయవలసి వచ్చింది.

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ప్రమాణాల ప్రకారం మనిషికి 3.5 చదరపు మీటర్ల చోటు, 30 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలి, అది కేంద్రానికి 50 మీటర్లలోపే ఉండాలి. ఆరు మీటర్ల వెడల్పు, ఎనిమిది మీటర్ల పొడవు ఉన్న తరగతి గదిలో ఈ లెక్కన 13 మందే పడతారు. నలభై మందని రాసుకోవడం తేలిక, ఆ గదిలో పడుకోబోయే ఆడవాళ్లకే కష్టం. మరుగుదొడ్డి దారిలో దీపం లేకపోతే వాళ్లు రాత్రంతా నీళ్లు తాగకుండా ఓర్చుకుంటారు.

నువ్వు రాసిన కల్యాణ మండపం నాకు మేలనిపిస్తోంది. వంటశాల, బోరు, పెద్ద హాలు అన్నీ ఒక్కచోటే ఉన్నాయి. అయితే దానికి వెళ్లే దారిలో కాజ్‌వే, అంటే వాగు మీది లోతట్టు వంతెన, ఉందేమో చూడు. వాగు పొంగితే లారీ దాటలేకపోతుంది, రెండో దారి లేకుంటే బియ్యం కూడా చేరవు. పశువులను కట్టేయడానికి పక్కనే మెరక నేల ఉందో లేదో కూడా కనుక్కో. మనవైపు చాలా ఇళ్లు పాల డబ్బులతోనే గడుస్తాయి కనుక, ఆవును నీళ్లలో వదిలి రమ్మంటే ఎవరూ కదలరు, బలవంతంగా తెచ్చినా చీకట్లో తిరిగి వెళ్లిపోతారు.

ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలవుతాయి. ఈలోగా గట్టి వాన పడిన రోజున గొడుగు పట్టుకొని ఒకసారి ఆ మండపం దగ్గరకు వెళ్లి, నీళ్లు ఎటు పారుతున్నాయో చూసి నాకు రాయి.

ఇట్లు,
మామయ్య