ఎమర్జెన్సీ వార్డుకు నర్సులను తీసుకునేటప్పుడు ఏం అడగాలి?

మీ పట్టణంలోని 50 పడకల ఆసుపత్రిలో కొత్తగా క్యాజువాలిటీ తెరుస్తున్నారని, ఇంటర్వ్యూ బోర్డులో మీరూ కూర్చోవాలని రాశారు. మీరు అడ్మినిస్ట్రేషన్ మనిషి, వైద్యం తెలియదు. ఏ ప్రశ్నలు అడిగితే పనికొచ్చే నర్సు దొరుకుతుందన్నది మీ సందేహం.

నేను గుంటూరు వైపు ఆసుపత్రుల్లో క్యాజువాలిటీ సిస్టర్‌గా, ఆ తరవాత ఇన్‌చార్జిగా పనిచేశాను. నర్సులను ఎంపిక చేసే బోర్డుల్లోనూ కూర్చున్నాను. ‘ట్రయాజ్ అంటే ఏమిటి’, ‘షాక్ ఎన్ని రకాలు’ లాంటి ప్రశ్నలు పక్కన పెట్టేయండి. ముందురోజు గైడు తిరగేసిన అమ్మాయి వాటికి గడగడా జవాబు చెబుతుంది. పేషెంటు గుమ్మంలోకి రాగానే ఆమె చెయ్యి ముందు దేనిమీదికి వెళుతుందన్నది మీకు తెలియాలి. అందుకని ఒక కేసు చెప్పండి. జవాబు వచ్చాక అదే కేసులో ఒక్క విషయం మార్చి మళ్లీ అడగండి. బట్టీ పట్టిన చదువు మొదటి జవాబుతోనే అయిపోతుంది.

నేను మొదట అడిగేది ఇది. చెయ్యి కోసుకుని రక్తం కారుతున్న కుర్రాడు, వెంట గొంతు చించుకుంటున్న పదిమంది. అదే సమయంలో యాభై దాటిన షుగరు పేషెంటు ఒకాయన, ‘గ్యాస్ పట్టేసిందమ్మా’ అంటూ చెమటలు తుడుచుకుంటూ మూల కుర్చీలో కూర్చున్నాడు. ఎవరిని ముందు చూస్తారు? అరుపులకు లొంగేవాళ్లు కుర్రాడి దగ్గరికి వెళతారు. మంచి నర్సు గుడ్డ మడిచి గాయం మీద పెట్టి, గట్టిగా అదిమి పట్టుకోమని కుర్రాడి స్నేహితుడికే అప్పజెప్పి, పెద్దాయనకు ఈసీజీ తీస్తుంది. ఆయన గ్యాస్ అంటున్నది గుండెపోటు కావచ్చు. ఛాతీ నొప్పితో వచ్చినవాళ్లకు పది నిమిషాల్లోపు ఈసీజీ పడాలి. తీసిన కాగితాన్ని ఫైలుకు గుచ్చేస్తుందా, డాక్టరు చేతికి ఇచ్చి ‘చూశారా సార్’ అని అడుగుతుందా అన్నది కూడా గమనించండి. ఇక మార్చి అడగాల్సింది: ఈసీజీ మామూలుగానే ఉంది, నొప్పి మాత్రం తగ్గలేదు, ఇప్పుడేం చేస్తారు? ‘కాసేపాగి మళ్లీ తీస్తాను, మానిటర్ మీద పెట్టి ఉంచుతాను’ అనాలి. ‘గ్యాస్ ఇంజెక్షన్ ఇస్తాను’ అంటే మాత్రం నేను పెన్ను కింద పెట్టేస్తాను.

మీ చుట్టుపక్కల పత్తి, మిర్చి సాగు ఉంటే పురుగుల మందు కేసులు తప్పవు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందు తాగిన పేషెంటును తెచ్చారు, నోట్లో నురగ, సూదిమొనంత కంటిపాపలు అని చెప్పి ఊరుకోండి. నిజంగా ఆ కేసులు చేసినవాళ్లు గ్లవ్స్, ఏప్రాన్‌తో మొదలుపెడతారు. సక్షన్ (నోట్లోని స్రావాలు లాగే మెషిన్), ఆక్సిజన్ చూస్తారు, బట్టలు తీసేసి ఒళ్లు సబ్బుతో కడిగించాలంటారు, దాంతోపాటే విరుగుడు మందు అట్రోపిన్ మాటెత్తుతారు. ఆంపూల్ (మందుండే చిన్న గాజు సీసా) సాధారణంగా 0.6 మిల్లీగ్రాములే, ఒక్క పేషెంటుకే చాలా కావాలి కాబట్టి అవి పగలగొట్టి సిరంజిలోకి లాగడానికే ఇంకో మనిషి కావాలి. ఈ ముక్క ఏ పుస్తకంలోనూ ఉండదు. ‘పగలగొట్టడానికి ఒకరిని పక్కన పెట్టుకుంటాను మేడమ్’ అని ఒక అమ్మాయి అనగానే ఆమె ఏం చేసి వచ్చిందో నాకు అర్థమైంది. అట్రోపిన్ చాలిందని ఎలా తెలుస్తుందని అడిగితే చాలామంది కంటిపాపలు పెద్దవైతే అంటారు. అసలు చూడాల్సింది ఊపిరితిత్తులు. స్రావాలు ఆరి, గాలి శబ్దం శుభ్రంగా వినిపించాలి, నాడి, బీపీ నిలబడాలి. ఒళ్లు కాలిపోతూ, దుప్పటి లాగుతూ పేషెంటు ఏదేదో మాట్లాడుతుంటే మందు ఎక్కువైందని గుర్తుపట్టగలిగితే ఇంకా మంచిది.

పాముకాటులో నాకు ఇష్టమైన ప్రశ్న కట్లపాము గురించి. తెల్లవారుజామున ఒక రైతు కడుపునొప్పి అంటూ వచ్చాడు, రాత్రి నేలమీద పడుకున్నాడు, ఒంటిమీద కాటు గుర్తు లేదు, కనురెప్పలు వాలిపోతున్నాయి. పాము అన్న మాట మీ నోటి నుంచి రానివ్వకండి. ఆమె పాము అనుమానం చెప్పాక, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచితే గడ్డకట్టింది, కాబట్టి పాము కాదంటారా అని అడగండి. ఆ పరీక్ష రక్తపింజరి లాంటి వాటికి పనికొస్తుంది. కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది, రక్తం గడ్డకట్టినంత మాత్రాన దాన్ని కొట్టేయలేం. అది తెలిసిన నర్సు పేషెంటు ఊపిరి మీదే కన్నేసి ఉంచుతుంది, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగ్ చేతికందేలా పెట్టుకుంటుంది. పాము విషానికి విరుగుడైన యాంటీ వెనమ్ ఎక్కుతుండగా ఒళ్లంతా దద్దుర్లు వచ్చి వణుకు మొదలైతే డ్రిప్ ఆపి, డాక్టరును పిలిచి, అడ్రినలిన్ సిద్ధం చేస్తానని చెప్పాలి.

అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇప్పుడు చెబుతాను. ‘హడావుడిలో ఉన్న డ్యూటీ డాక్టరు పొటాషియం క్లోరైడ్ ఒక ఆంపూల్ నేరుగా నరంలోకి తోసేయమన్నారు. ఏం చేస్తారు?’ అలా తోస్తే గుండె ఆగిపోతుంది. సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించాల్సిన మందు అది. ‘డాక్టరు గారు చెప్పారు కదా, ఇస్తాను’ అనేవాళ్లు మీరు అనుకున్నదానికంటే ఎక్కువమందే ఉంటారు. వాళ్లలో కొందరు చదువులో ముందున్నవాళ్లే. ‘ఇవ్వను సార్, డైల్యూట్ చేసి ఎంత రేటుతో ఇవ్వాలో చెప్పండి’ అని మొహమాటం లేకుండా అనగలిగే నర్సు మీకు కావాలి. ఈ ప్రశ్న అడిగేటప్పుడు మీ డాక్టరును కూడా బోర్డులో కూర్చోబెట్టండి. ఆయన ముఖం చూస్తూ ఆ మాట అనగలిగిందంటే రాత్రి రెండు గంటలకు కూడా అంటుంది.

బంధువుల సంగతి కూడా అడగాలి. పురుగుల మందు తాగిన కోడలిని తెచ్చి, ‘పొరపాటున తాగింది, పోలీసులకు చెప్పకండి’ అని మామగారు బతిమాలుతున్నాడు. చికిత్స ముందు, పోలీసు లాంఛనాలు తరవాత అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో తేల్చింది. నర్సు మెడికో లీగల్ కేసు (పోలీసులకు తెలియజేయాల్సిన కేసు) నమోదు చేయబోమని మాట ఇవ్వకూడదు, అలాగని ఆయనతో వాదనకూ దిగకూడదు. డాక్టరుకు చెప్పాలి, అవకాశం చూసి ఆ అమ్మాయితో ఒంటరిగా మాట్లాడాలి, కడుపు కడిగిన నీళ్ల నమూనా, బట్టలు పారేయకుండా ఉంచాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఈ ఒక్క మాట నెమ్మదిగా చెబితే ఇంటివాళ్ల భయం చాలావరకు దిగుతుంది.

మాటలయ్యాక సీపీఆర్ నేర్పే ఒక బొమ్మ, ఒక క్రాష్ కార్ట్ (అత్యవసర మందులు, పరికరాలుండే బండి) చూపించండి. బొమ్మ ఛాతీ మీద రెండు నిమిషాలు నొక్కమనండి. నిమిషానికి 100 నుంచి 120, లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనిస్తూ నొక్కాలి. తరవాత లారింగోస్కోప్ (గొంతులోపల చూసే లైటున్న పరికరం) ఇచ్చి, డాక్టరు శ్వాసనాళంలోకి గొట్టం వేయడానికి సిద్ధం చేయమనండి. దాన్ని తెరిచి ముందుగా బల్బు వెలుగుతుందో లేదో చూసిందంటే ఆ చేతులకు పని అలవాటని అర్థం. కుర్చీలో కూర్చున్నంతసేపూ నోరు పెగలని అమ్మాయి ఇక్కడ అందరినీ ఆశ్చర్యపరచడం చాలాసార్లు చూశాను. అందుకే ఇంటర్వ్యూ తెలుగులోనే చేయమంటాను. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసిన పల్లెటూరి పిల్లలు ఇంగ్లిష్ వినగానే బిగుసుకుపోతారు. మీ పేషెంట్లు మాట్లాడేదీ తెలుగే. వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లయితే ‘ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, ఏం మందులు వాడుతున్నారు’ అని తెలుగులో అడగగలరా అన్నది చూస్తే చాలు.

‘పెళ్లెప్పుడు చేసుకుంటారు’, ‘పిల్లల ప్లానేమిటి’ అని దయచేసి అడగకండి. మగ నర్సులను ఎవరూ అలా అడగరు. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ మాత్రం తప్పక సరిచూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు లాక్కుని దాచుకునే ఆలోచన ఉంటే మానుకోండి, అలాంటి చోటికి అనుభవం ఉన్నవాళ్లు రారు.

చివర్లో ఆమెనూ ప్రశ్నలు అడగనివ్వండి. రాత్రి షిఫ్టులో ఒక నర్సుకు ఎంతమంది పేషెంట్లు, సెక్యూరిటీ ఉంటాడా అని అడుగుతారు. క్యాజువాలిటీలో నలిగిన నర్సయితే, పేషెంటుకు వాడిన సూది గుచ్చుకుంటే మీ దగ్గర ఏం చేస్తారని కూడా అడుగుతుంది. హెచ్‌ఐవీ నివారణ మందులు వీలైతే రెండు గంటల్లోపు మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే లాభం లేదు. ఆ మందులు మీ ఆసుపత్రిలో ఎక్కడుంటాయో, రాత్రిపూట తాళం ఎవరి దగ్గరుంటుందో ఇంటర్వ్యూకు ముందే కనుక్కోండి.