మేక నోరు విప్పకపోతేనే నవ్వొస్తుంది

చిరంజీవి సుధీర్‌కి, ఆశీస్సులు.

బంకమట్టి బొమ్మల్ని కొంచెం కొంచెం కదుపుతూ ఒక్కో ఫోటో తీసి చేద్దామనుకుంటున్న నీ సినిమా స్క్రిప్టు అందింది. దర్జీ, ఆయన మేక, సూదిలో దారం తనంతట తానే ఎక్కించే యంత్రం. కథ బాగుంది. మేకకి రాసిన జోకులు మాత్రం అన్నీ కొట్టెయ్. ఒక్కటి కూడా ఉంచకు.

ఇంగ్లండులో బ్రిస్టల్ ఊళ్లోని ఆర్డ్‌మన్ స్టూడియో వాళ్ల మట్టిబొమ్మలే నీకు ఆదర్శమన్నావు. అయితే వాళ్ల కుక్కనే చూడు. గ్రోమిట్ అనే ఆ కుక్కకి మొదట మాటలు పెట్టాలనే దాన్ని సృష్టించిన నిక్ పార్క్ అనుకున్నాడు. నుదురు కాస్త కదిపితే చాలు, దాని మనసులో ఏముందో తెలిసిపోతోందని గమనించి ఆ ఆలోచన మానుకున్నాడు. 1989లో వచ్చిన మొదటి సినిమా నుంచి ఇప్పటిదాకా ఆ కుక్క ఒక్క మాట ఆడలేదు, దానికి నోరే లేదు. 1993 నాటి రెండో సినిమాలో పెంగ్విన్‌కి ఆ నుదురు కూడా లేదు. రెండు నల్లపూసల కళ్లు, అంతే. నెత్తిన ఎర్ర రబ్బరు గ్లవ్ తగిలించుకుంటే కోడి అయిపోయినట్టే లెక్క, గ్రోమిట్ యజమాని వాలెస్ దాన్ని గుర్తే పట్టడు! చేసే పని ఎంత పిచ్చిదైతే మొహం అంత గంభీరంగా ఉండాలి. మాటతో పుట్టిన హాస్యం భాష మారితే సగం పోతుంది. 2007లో మొదలైన గొర్రెపిల్ల షాన్ సీరియల్లో మాటలే లేవు కనకనే ఏ దేశం పిల్లలైనా డబ్బింగ్ లేకుండా నవ్వుతారు. నీ మేకకీ అదే దారి.

ముందు లెక్క చూసుకో. సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 నిశ్చల చిత్రాలు. ఒక్కో భంగిమని రెండు ఫ్రేములు నిలిపితే (దీన్నే టూస్ అంటారు) సెకనుకు 12 భంగిమలు, నిమిషానికి 720. పెద్ద స్టూడియోల్లోనే ఒక యానిమేటరు (బొమ్మని కదిపేవాడు) రోజుకి రెండు మూడు సెకన్లు తీస్తే మంచి పని కింద లెక్క. నువ్వు అయిదు నిమిషాలు రాశావు. నిమిషానికి కుదించు. దర్జీ పెళ్లి సంబంధం గొడవంతా తీసేస్తే కథకేమీ నష్టం లేదు.

బొమ్మల ఎత్తు: దర్జీ 18 సెంటీమీటర్లు, మేక 10. ఇంతకంటే చిన్నవైతే నుదుటి మీద వేలు పట్టదు. లోపలి అస్థిపంజరానికి 1.5 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ రెండు పోగులు తీసుకుని డ్రిల్లుకి తగిలించి మెలివెయ్యి. ఇనప తీగ వద్దు, వంచాక మళ్లీ వెనక్కి లేస్తుంది. మోచేయికీ భుజానికీ మధ్య ఎముక ఉండే చోట ఎం-సీల్ ముద్ద చుట్టు, కీళ్ల దగ్గర తీగని ఖాళీగా వదిలెయ్. అలా చేయకపోతే చెయ్యి రబ్బరు గొట్టంలా ఎక్కడపడితే అక్కడ వంగుతుంది. పదేపదే వంచిన చోట తీగ తెగడం ఖాయం, అదీ షాట్ మధ్యలోనే తెగుతుంది. అందుకే దర్జీ చేతులు ఊడదీసి మార్చుకునేలా పెట్టి, రెండు జతలు అదనంగా చేసి ఉంచుకో. పాదాల్లో 3 మిల్లీమీటర్ల నట్టు ఒక్కొక్కటి ఇరికించు. ప్లైవుడ్ బల్లకి రంధ్రాలు చేసి కింద నుంచి బోల్టు బిగిస్తే ఒంటికాలి మీద కూడా నిలబడతాడు. పొట్టకి నలిపిన అల్యూమినియం ఫాయిల్ ఉండ పెట్టి, దాని మీద ప్లాస్టిసిన్ (ఎండిపోని రంగుల బంకమట్టి) అయిదు మిల్లీమీటర్ల మందాన వెయ్యి. మొత్తం మట్టే అయితే బరువుకి నడుము వంగిపోతుంది.

మేకని తెల్లగా చేయకు. తెల్ల ప్లాస్టిసిన్ వేలి మురికినీ పక్క రంగునీ వెంటనే పట్టేసుకుంటుంది. నల్లదైతే కనుబొమ నీడ కనిపించదు, ఇంక నటన ఎక్కడ? లేత గోధుమ రంగు సరిపోతుంది. కావలసినదానికి రెట్టింపు ఒకేసారి కొనిపెట్టుకో, తర్వాత కొన్న దాని ఛాయ కలవకపోవచ్చు. లేత రంగు ముందు పిసుకు, ఎరుపు అన్నిటికన్నా చివర. ప్రతి రంగుకీ వేరే పుల్ల, పక్కనే తడి వైప్స్.

కళ్లకి 8 మిల్లీమీటర్ల తెల్లపూసలు చాలు. రంధ్రం అంచుకి నల్లరంగు పూస్తే అదే కనుపాప. గుంటలో కాస్త వాజలీన్ రాసి పూస కూర్చోబెడితే సూదిమొనతో ఆ రంధ్రం పట్టుకుని ఎటైనా తిప్పొచ్చు. రెండు కళ్లూ ఒకే వస్తువు మీద నిలిచాయో లేదో కెమెరాలోంచే చూడాలి. నీ కుర్చీలోంచి సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది, తెర మీద మెల్లకన్ను పడుతుంది.

మీ ఊరి ఎండ సంగతి మరవకు. మే నెల మధ్యాహ్నం ప్లాస్టిసిన్ మెత్తబడి దర్జీ చెంపలు జారతాయి. రాత్రిళ్లు తియ్యి. మరీ మెత్తబడితే తలని పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టు, కానీ బయటికి తీశాక పట్టే తేమ ఆరేదాకా షాట్ తీయకు. ఫ్యాను వేస్తే దారం కదులుతుంది. నీ కథంతా దారం మీదే కదా, దాన్ని సన్నటి తీగతో చేసి రంగు వెయ్యి.

వెలుగు అదరడం ఇంట్లో తీసేవాళ్లకి పెద్ద తలనొప్పి. కెమెరాలో ఆటో అనే మాట ఎక్కడా ఉండకూడదు: ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందన) 100, అపర్చరు (లెన్సులో వెలుగు దూరే కంత) ఎఫ్ 8, షట్టరు (వెలుగు లోపలికి వచ్చే సమయం) పావు సెకను, వైట్ బ్యాలెన్స్ (రంగుల సవరణ) ఒకే అంకె, ఫోకస్ చేత్తో. షట్టరు అంత నెమ్మదిగా ఎందుకంటే మన కరెంటుతో దీపాలు సెకనుకి వందసార్లు మినుకుతాయి, పావు సెకనులో ఆ తేడా సర్దుకుంటుంది. ఇప్పటి లెన్సుల్లో అపర్చరు ప్రతి ఫోటోకీ మూసుకుని తెరుచుకుంటుంది, అదీ ప్రతిసారీ సరిగ్గా అంతే మూసుకోదు. చేత్తో తిప్పే పాత లెన్సు దొరికితే దాన్ని అడాప్టరుతో పెట్టుకో. కిటికీలకి నల్లగుడ్డ, నీ ఒంటి మీద నల్లచొక్కా. తెల్లచొక్కా వేసుకుని ఓసారి ముందుకీ ఓసారి వెనక్కీ నిలబడితే బొమ్మ మొహం మీద వెలుగు మారిపోతుంది. ట్రైపాడ్ కాళ్లని నేలకి గ్లూగన్‌తో అంటించు.

ఇక అసలు పని టైమింగ్. కొత్తగా తీసేవాళ్లు బొమ్మని ఊరికే ఉండనివ్వరు, అంత కష్టపడి చేశాం కదా అని ప్రతి ఫ్రేములోనూ ఏదో ఒకటి కదుపుతారు. అక్కడే నవ్వు చస్తుంది. యంత్రం దారాన్ని సూదిలోకి బదులు దర్జీ మీసంలోకి ఎక్కించింది అనుకో. వెంటనే మేక మీదికి కట్ చెయ్యి. మేక 18 ఫ్రేములు కదలదు. తర్వాత కళ్లు మాత్రం మీసం వైపు తిరుగుతాయి, రెండు మూడు ఫ్రేముల తర్వాత తల. మళ్లీ 12 ఫ్రేములు నిశ్చలం. అప్పుడు ఒక రెప్పపాటు: సగం మూత రెండు ఫ్రేములు, పూర్తి మూత రెండు, మళ్లీ సగం రెండు. ఆఖరున కనుబొమ లోపలి కొస ఒక్క మిల్లీమీటరు పైకి. రెండు మిల్లీమీటర్లు లేపితే జాలిగా చూస్తున్నట్టుంటుంది, నీకు కావాల్సింది విసుగు. ఆ నిశ్చలంలోనే చూసేవాడు మేక తరఫున ఆలోచిస్తాడు.

నిశ్చలంగా ఉన్నప్పుడు బొమ్మని ముట్టుకోకు, ఆ ఫ్రేములకి మళ్లీ ఫోటోలు కూడా అక్కర్లేదు, ఒక్కటే సాగదీయొచ్చు. కానీ అర సెకను దాటితే రెండు మూడు ఫోటోలు తీసి మార్చి మార్చి వెయ్యి. లేదంటే సినిమా ఆగిపోయిందనుకుంటారు. వేలిముద్రలు తుడవాలని ప్రతి ఫ్రేముకీ ఒళ్లంతా రుద్దకు. ఆర్డ్‌మన్ బొమ్మల మీదా కనిపిస్తాయి, ఎవరో చేత్తో చేశారని తెలియడం కూడా ఆ సినిమాల అందమే. కదిపిన చోట మాత్రం సవరించు. అంతా రుద్దితే చర్మం ఉడుకుతున్నట్టు కనిపిస్తుంది.

ఆఖర్లో మేక సైకిలు వెంట పరుగెత్తే చోట వెనక గోడ చారలుగా సాగాలంటే కంప్యూటరు అక్కర్లేదు. కెమెరానీ సైకిలునీ ఒకే చెక్కబండి మీద బిగించి, షట్టరు ఒక సెకను పెట్టి, ఆ సెకనంతా బండిని నెమ్మదిగా తోయి. సైకిలు స్పష్టంగా, గోడ చెదిరి వస్తుంది. 1993 సినిమాలో బొమ్మ రైలు మీద జరిగే తరుముడు కిటుకు ఇదే.

దర్జీ మాటలు షూటింగుకి ముందే రికార్డు చేయాలి, నోటి ఆకారాలు వాటిని బట్టే. ఎనిమిది ఆకారాలు చాలు. గొంతు ఇచ్చేవాళ్లకి మాత్రం నవ్వించమని చెప్పకు, బట్టల కొలతలు చెప్తున్నట్టు చదవమను.

సెట్టు కట్టడం తర్వాత. ఉత్త బల్ల, మేక తల, పైన చెప్పిన ఆ ఒక్క చూపు, అయిదు సెకన్లు తీసి పంపు. ఈ అయిదు సెకన్లలో మీసం చూపించకు. మేక దేన్ని చూసి విసుక్కుంటోందో అప్పుడు మీ అమ్మని అడుగు.

ఇట్లు,
మీ పెదనాన్న