కాలిన మచ్చ మీద మానని పుండు: పెదనాన్న లేఖ

చిరంజీవి రవికి ఆశీస్సులు.

చిన్నప్పుడు కాలిన మీ నాన్న పిక్క మీది మచ్చ పగిలి పుండైందనీ, నెలల తరబడి కట్లు కట్టిస్తున్నా మానడం లేదనీ నీవు రాసింది చదివి కలవరపడ్డాను. ఉద్యోగమంతా ప్లాస్టిక్ సర్జరీ వార్డులో గడిపినవాణ్ణి కనుక గట్టిగా చెబుతున్నాను: ఆయింట్‌మెంట్లు మార్చడం ఆపి ముందు బయాప్సీ (పుండు నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేయించు.

కాలిన మచ్చలో పదేపదే పగిలి మానే చర్మం చివరికి క్యాన్సర్‌గా మారవచ్చు. దానిని మార్జొలిన్ అల్సర్ అంటారు. కాలిన నాటికీ దీనికీ మధ్య తరచుగా 30 ఏళ్లు గడిచిపోతాయి కనుకనే ఆ రెంటికీ సంబంధముందని ఇంట్లో ఎవరికీ తోచదు. అంచులు గట్టిపడి పైకి లేచినా, దుర్వాసన వచ్చినా, తాకితే రక్తం కారినా ఒక్క వారం కూడా ఆగవద్దు. ముక్కను అంచు వెంట రెండు మూడు చోట్ల నుంచి తీయమని అడుగు. రిపోర్టులో ఏమీ లేదని వచ్చినా పుండు మానకపోతే మళ్లీ తీయించాలి. గజ్జల్లో బిళ్లలు కట్టాయేమో కూడా చూపించు. పసరు కట్లు మాత్రం వద్దు.

క్యాన్సరని తేలితే పుండుతో పాటు చుట్టూ బాగున్న చర్మాన్ని కూడా సుమారు 2 సెంటీమీటర్ల మేర తీసేస్తారు. అంత గాయం ఎలా పూడుతుందని తమ్ముడు భయపడతాడు. తొడ నుంచి పలుచని పొర తీసి అక్కడ అతుకుతారని, ఎముక బయటపడితే రక్తప్రసరణ ఉన్న కండనూ చర్మాన్నీ జరిపి కప్పుతారని నిదానంగా చెప్పు. అతికిన పొరలోకి కింది నుంచి రక్తనాళాలు అల్లుకునే మొదటి ఐదారు రోజులు కాలు కదపకుండా, ఎత్తుగా ఉంచాలి. ఆ రోజుల్లో మీ కాపలా చాలా ముఖ్యం. చుట్ట ఇప్పటి నుంచే మాన్పించు, పొగ రక్తనాళాలను ముడుస్తుంది.

ప్లాస్టిక్ సర్జరీ అనగానే అంతా సొంత ఖర్చేనని అనుకోకుండా, ఆరోగ్యశ్రీ కార్డు తీసుకెళ్లి ఆసుపత్రిలో ఆ పథకం తరఫున సాయపడే ఆరోగ్యమిత్రను కలువు.

మన చర్మం రంగు ఎండ నుంచి కొంత కాపాడుతుంది, పూర్తిగా కాదు. అతికిన చర్మానికి ఆ కాపుదల ఇంకా తక్కువ. అందుచేత మానిన తరువాత కూడా పంచె ఎగగట్టి ఎండలో పొలం పని చేయనివ్వకు. మనవాళ్లలో మెలనోమా అనే మరో రకం చర్మ క్యాన్సర్ తరచుగా ఎండ సోకని అరికాలిలోనూ గోటి కిందా వస్తుంది కనుక, డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు వాటినీ చూపించు.

రిపోర్టు రాగానే ఫోన్ చెయ్యి. తమ్ముడితో నేనే మాట్లాడతాను.

మీ పెదనాన్న