బావి కాల్ నుంచి వచ్చిన పిల్లగాడి గురించి

హనుమకొండ

తమ్మీ,

రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు "నాలుగు రోజులైతే వాడే సర్దుకుంటాడులే" అన్నాను. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. నా ఫైర్ సర్వీసులో పైవాళ్ల నోట ఆ మాట చాలాసార్లు విన్నాను. ఆ మాట వల్ల సర్దుకున్నవాణ్ని మాత్రం ఒక్కణ్ని కూడా చూడలేదు. నీకూ అదే చెప్పినందుకు బాధేసింది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నువ్వు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. వ్యవసాయ బావిలో పడి చనిపోయిన ఇద్దరు చిన్నపిల్లల్ని మీ ఫైర్ స్టేషన్ క్రూ పైకి తీసింది. తాడు కట్టుకుని లోపలికి దిగింది రెండేళ్ల సర్వీసు కూడా నిండని పిల్లగాడు. అప్పటి నుంచి సరిగ్గా తినడం లేదు. ఎవరు లీవు అడిగినా వాళ్ల డ్యూటీ నేను చేస్తానంటున్నాడు. తాళ్లు, కొక్కేలు రోజుకు పదిసార్లు చూసుకుంటున్నాడు. అడిగితే "నాకేం కాలేదన్నా" అంటున్నాడు. 12 రోజులైంది.

ముందు ఒక సంగతి. 12 రోజులకు నిద్ర పట్టకపోవడం, బువ్వ సహించకపోవడం, కళ్లు మూస్తే ఆ బావే కనబడటం రోగం కాదు. అంత చూసి వచ్చిన మనిషికి అవి వస్తాయి. తనవాళ్లు తోడుంటే చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతాయి. ఆ తోడు దగ్గరే మనం తప్పుతాం. కాల్ అయిన రాత్రి అందరం చుట్టూ ఉంటాం, భుజం తడతాం, చాయ్ తాగిస్తాం. మూడో రోజుకు ఇంకో కాల్, ఆ తర్వాత ఇంకోటి. వాడికి మనం కావాల్సింది రెండో వారం, మూడో వారం. అప్పటికి మనకు ఆ బావి గుర్తు కూడా ఉండదు.

పత్తి సీజన్ కాల్స్ నీకు తెలుసు కదా. ఎనుమాముల వైపు ఒక జిన్నింగ్ మిల్లులో మంట ఆర్పి, పత్తి బేళ్ల (గట్టిగా నొక్కి కట్టిన మూటల) మీద చెయ్యి పెట్టి చూసి, చల్లబడ్డాయని బండి తిప్పుకుని వచ్చాం. తెల్లారి మళ్లీ కాల్. పైన తడిసిన బేలు లోపల రాత్రంతా కాలుతూనే ఉంది. ఆ తర్వాత బేళ్లు విప్పి, పరిచి, తడిపి, ఒకరిని కాపలా పెట్టకుండా ఎప్పుడూ రాలేదు. మరి మనిషి విషయంలో "ఎలా ఉన్నావ్" అని ఒక్కసారి అడిగి, "బాగున్నా" అంటే తిరిగి వచ్చేస్తున్నాం.

అలాగని వాణ్ని కూర్చోబెట్టి ఉన్నదంతా చెప్పించమని కాదు. ఇక్కడ జాగ్రత్త. 1983లో అమెరికాలో జెఫ్రీ మిచెల్ అనే ఆయన, తాను స్వయంగా ఫైర్, అంబులెన్సు పని చేసినవాడే, ఒక పద్ధతి రాశాడు. పెద్ద ప్రమాదం తర్వాత క్రూ అంతటినీ ఒకచోట కూర్చోబెట్టి, ఏం చూశారో, ఏం అనిపించిందో వరసగా మాట్లాడించడం. చాలా దేశాల్లో అది పాకింది. తర్వాత పరిశోధనలు చేసి చూస్తే, ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పించడం వల్ల తర్వాత వచ్చే జబ్బు ఆగడం లేదని, కొందరికి ఇంకా కష్టమైందని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని వద్దంటోంది. 2011లో ఆ సంస్థ ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకంలో మూడు పనులే ఉన్నాయి: చూడటం, వినడం, అవసరమైన చోటికి కలపడం. చెప్పమని ఒత్తిడి పెట్టకూడదు. చెప్తే మధ్యలో ఆపకూడదు.

నాకు ఇవేవీ తెలియని రోజుల్లో ఇదే పని ఒక మనిషి నాకు చేశాడు. ఎవరికీ చెప్పలేదు, నీకు చెప్తున్నాను.

నాకు నాలుగేళ్ల సర్వీసు ఉన్నప్పుడు ఒక ఇంట్లో కిరసనాయిలు స్టవ్ పేలింది. నేను లోపలికి వెళ్లేసరికి ఆ తల్లికి స్పృహ ఉంది. "పిల్లలు బయటున్నారా" అని రెండుసార్లు అడిగింది. ఉన్నారమ్మా అన్నాను. నిజంగానే ఉన్నారు. ఆమె ఆ రాత్రే ఆస్పత్రిలో పోయింది. తర్వాత నాకు కిరసనాయిలు వాసన పడేది కాదు. మా ఇంట్లోనూ అదే స్టవ్. మీ వదిన అగ్గిపుల్ల గీస్తే అరిచేవాణ్ని. ఒకసారి స్టవ్ తీసి వాకిట్లో విసిరేశాను. పాపం ఆమె నెల రోజులు పక్కింటి కట్టెల పొయ్యి మీద వండింది, ఎందుకని ఎవరికీ చెప్పలేదు. అప్పటి మా పైఅధికారి దగ్గరికి వెళ్లి రెండు రోజులు లీవు అడిగితే, "దీనికే ఇట్లైతే ఈ ఉద్యోగం ఎందుకు ఎంచుకున్నావ్" అన్నాడు. ఆ మాట తర్వాత నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

మా స్టేషన్లో ఒక పాత డ్రైవర్ ఆపరేటర్ ఉండేవాడు. అందరం కాకా అనేవాళ్లం. ఆయన ఏమైందిరా అని ఒక్కసారి కూడా అడగలేదు. సాయంత్రం కాగానే "హోసులు ఆరేద్దాం, ఒక చెయ్యి వెయ్యి" అనేవాడు. తడిసిన హోసు బరువు నీకు తెలుసు, ఆ చివర ఒకరు ఈ చివర ఒకరు పట్టాలి. ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సిన పని లేదు. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో ఆయనే తన సంగతి ఎత్తాడు. కొత్తలో రైలు పట్టాల మీద ఒక శవాన్ని తీశాడట. ఆరు నెలలు గేటు దగ్గర బండి ఆపితే చేతులు వణికేవట. అంత గట్టి మనిషి జిల్లాలో ఇంకొకడు లేడని నేను అనుకునేవాణ్ని. ఆ మాట విన్నాక హోసు కింద పెట్టి ఏడ్చాను. ఆయన నా పక్కన కూర్చున్నాడు. ఏమీ అనలేదు. మర్నాడు మళ్లీ వచ్చి "హోసులు" అన్నాడు.

నువ్వు చేయాల్సింది అదే. ఏదో ఒక పని పెట్టుకుని వాడి పక్కన ఉండు. పంపు తుడవడం కావచ్చు, బండిలో నీళ్లు నింపడం కావచ్చు. "నాకు నా మొదటి బావి కాల్ ఇంకా గుర్తుంది" అని నీ మాట ముందు పెట్టు, అక్కడ ఆపు. వాడు పట్టుకుంటే పట్టుకుంటాడు, లేకపోతే మర్నాడు మళ్లీ వెళ్లు. ఆ పిల్లలు ఎలా ఉన్నారు, ఎంతసేపు పట్టింది లాంటివి నువ్వు అడగకు, ఇంకొకరిని అడగనివ్వకు. "ఇవన్నీ మన డ్యూటీలో మామూలే", "మగాడివి కాదా" అనే మాటలు స్టేషన్లో వినబడితే అక్కడికక్కడే ఆపు. ఇంకో విషయం, వాడి మనసులో ఎక్కడో "ఇంకొంచెం ముందు వెళ్లి ఉంటే" అన్నది తిరుగుతుంటుంది. అందుకే ఆ తాళ్లు అన్నిసార్లు చూడటం. కాల్ ఎన్నింటికి వచ్చింది, బండి ఎన్నింటికి కదిలింది, ఎన్నింటికి చేరింది, రిజిస్టర్లో ఉంటుంది. వాడంతట వాడు ఆ మాట ఎత్తిన రోజు రిజిస్టర్ తెరిచి చూపించు. ఊరికే "నీ తప్పు లేదురా" అనడం కంటే అది పని చేస్తుంది.

మందు గురించి గట్టిగా చెప్తున్నాను. చెడ్డ కాల్ తర్వాత నలుగురు కలిసి క్వార్టర్ తెచ్చుకోవడం మనలో ఒక అలవాటు, దాన్ని తోడు అనుకుంటాం. మందు నిద్ర పట్టించినట్టే ఉంటుంది, అర్ధరాత్రి దాటాక నిద్రను చెడగొడుతుంది. నిద్ర అలా చెడ్డాక మనిషి తేరుకోవడం ఇంకా కష్టం. నాతో చేసిన ఇద్దరిని అలా పోగొట్టుకున్నాను. మీ క్రూలో చెడ్డ కాల్ తర్వాత మొదటి పని స్నానం, రెండోది వేడి బువ్వ, మూడోది ఇంటికి ఫోన్ అని పెట్టు.

ఇప్పుడు లెక్క పెట్టుకోవాల్సింది రోజులు. ఆ కాల్ తేదీ నుంచి నెల దాటినా నిద్ర రాకపోతే, బెల్ మోగితే ఉలిక్కిపడుతుంటే, ఆ ఊరి రోడ్డే తప్పించుకుని తిరుగుతుంటే, ఇంట్లో చిన్నమాటకు కోపమొస్తుంటే అది మన చేతిలో ఉండేది కాదు. డాక్టర్లు పీటీఎస్‌డీ అంటారు, దానికి వైద్యం ఉంది. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంత దూరం ఇప్పుడే వద్దంటే 14416కు ఫోన్ చేయించు. టెలీమానస్ అంటారు, కేంద్రం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రి పగలు తెలుగులో మాట్లాడతారు. వెళ్లమని చెప్పి వదిలెయ్యకు, మొదటిసారి నువ్వే వెంట వెళ్లు. సర్వీసు బుక్కులో రాస్తారేమో, పిచ్చోడంటారేమో అని వాడు భయపడతాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం తన వైద్యం వివరాలు గోప్యంగా ఉంచమనే హక్కు వాడికి ఉంది, ఆ సంగతి వాడికి చెప్పు.

చచ్చిపోవాలనే మాట ఏ రూపంలో వచ్చినా, "నేను లేకపోతే ఇంట్లోవాళ్లకు బాధ తప్పుతుంది" అన్నట్టుగా వచ్చినా, నెల దాకా ఆగకు. సూటిగా అడుగు, "చచ్చిపోవాలని అనిపిస్తోందా తమ్మీ" అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. పుట్టదు. అడిగినవాడు ఒకడున్నాడని తెలుస్తుంది. ఆ రాత్రి ఒంటరిగా వదలకు, ఇంట్లోవాళ్లకు చెప్పు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లు.

క్రూ మొత్తానికి ఒక ఏర్పాటు కూడా కావాలి. 2023 జూలై 27న మోరంచ వాగు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచినప్పుడు జనం ఇళ్ల కప్పులెక్కారు, హెలికాప్టర్లు వచ్చాయి. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. వరంగల్లో హంటర్ రోడ్డు, నయీంనగర్ నీళ్లలో ఉన్నాయి. నేను అప్పటికే రిటైరయ్యాను. మన పిల్లలు కొందరు తమ ఇళ్లలో నీళ్లున్నా వేరేవాళ్ల ఇళ్ల దగ్గర పడవలు లాగుతూ ఉన్నారు. వాన తగ్గాక వాళ్లతో మాట్లాడితే, ఎవరూ అలసట గురించి చెప్పలేదు, "మా ఇంటికి ఎవరైనా వెళ్లి చూసి వస్తే బాగుండేదన్నా" అన్నారు. అది రాసిపెట్టుకో. వరద డ్యూటీ పడితే సిబ్బంది ఇళ్లు చూసి రావడానికి ఒక మనిషిని కేటాయించు. శవాలు తీసే పని ఒకడికే వరసగా పడకుండా మార్చు. బాగా చేస్తాడని ఒక్కణ్నే ప్రతిసారీ దింపుతాం, అది వాడి మీద పెద్ద అన్యాయం.

108 వాళ్లనూ మర్చిపోకు. 2005 ఆగస్టు 15న ఆ బండ్లు మొదలైనప్పటి నుంచి చూస్తున్నాను, బండి నడిపే పైలట్ ఒకడు, దారిలో ప్రథమ చికిత్స చేసే ఈఎంటీ ఒకడు, చెప్పుకోవడానికి మనలా స్టేషన్ నిండా మనుషులు ఉండరు. పేషంట్‌ను క్యాజువాలిటీలో అప్పగించగానే ఇంకో కాల్. తాము తెచ్చిన మనిషి బతికాడో లేదో చాలాసార్లు తెలియదు. ఆ రోజు బావి దగ్గర వాళ్లూ ఉన్నారు కదా, చాయ్‌కి పిలువు.

ఏప్రిల్ 14 వస్తోంది. 1944లో బొంబాయి రేవు పేలుడులో పోయిన 66 మంది మనవాళ్లకు నివాళి చేసి, ఆ అగ్నిమాపక వారమంతా స్కూళ్లలో, కాలనీల్లో గ్యాస్ సిలిండర్ గురించి చెప్తాం. అందులో ఒక పూట మీ స్టేషన్ సిబ్బంది కోసమే ఉంచు, భార్యలను కూడా పిలువు. మీ వదిన లాంటివాళ్లకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ నెల రోజులు అంత ఒంటరిగా ఉండేది కాదు.

ఇంత చేసేవాడికి కూడా బరువు ఎక్కుతుంది. ఆ బావి దగ్గర తాడు పైచివర పట్టుకుంది నువ్వే. రాత్రి ఫోన్లో నీ గొంతు నాకు నచ్చలేదు. వాడి సంగతి చెప్పావు, నీ సంగతి చెప్పలేదు.

ఆదివారం నర్సంపేట బస్సెక్కి వస్తాను. మీ వదిన సర్వపిండి చేసి ఇస్తానంది. వాడికి నేను ఫలానా పని మీద వస్తున్నానని చెప్పకు, పాత మనిషి చూడటానికి వస్తున్నాడను. సాయంత్రం హోసులు ఆరేసే టైముకు అక్కడుంటాను. ముగ్గురం కలిసి ఆరేద్దాం.

నీ అన్న