వైజాగ్‌లో ఆయుష్మాన్ కార్డు చెల్లదన్నారా? ఇలా చేసి చూడండి

మీ నాన్నగారికి 72 ఏళ్లు, గాజువాకలో ఉంటారు, తెల్ల కార్డు లేదు, ఆస్పత్రి కౌంటర్లో "ఇది సెంట్రల్ కార్డు, ఇక్కడ నడవదు" అన్నారు, అంతే కదండీ. ఆ మాట సగమే నిజం.

ఆస్పత్రి ఖర్చు భరించే ఈ ఆయుష్మాన్ భారత్ పథకం కేంద్రానిదే గానీ నడిపేది రాష్ట్రం. ఏ ఆస్పత్రిని చేర్చుకోవాలి, క్లెయిమ్ ఎవరు పాస్ చెయ్యాలి, ఇవన్నీ రాష్ట్ర ఏజెన్సీ చేతిలోనే ఉంటాయి, డబ్బు మాత్రం మామూలుగా కేంద్రం 60 రాష్ట్రం 40 పెట్టుకుంటాయి. కొన్ని రాష్ట్రాలు ఇన్సూరెన్స్ కంపెనీకి ప్రీమియం కట్టేస్తాయి, మన దగ్గర 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ట్రస్టు అప్పటికే ఉంది కాబట్టి దాని మీదే దీన్నీ కలిపేశారు. అందుకే కౌంటర్లో కుర్రాళ్లకి ఆయుష్మాన్, ఆరోగ్యశ్రీ అనే రెండు పేర్లతో గందరగోళం, పాపం వాళ్లనీ ఏమనలేం.

70 దాటినోళ్లకి 2024 అక్టోబర్ నుంచి ఆదాయంతో పనిలేదు, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం, తెల్ల కార్డు అడగకూడదు. వయసుకి ఆధారే చాలు. ముందు ఆయుష్మాన్ యాప్‌లో ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు సరిచూడటం) అయిందో లేదో చూడండి, వయో వందన అని కార్డు రావాలి. తర్వాత ఆ ఆస్పత్రి లిస్టులో ఉందా, ఉన్నా మీక్కావాల్సిన విభాగానికి ఉందా అనేది హెల్ప్‌లైన్ 14555కి ఫోన్ చేసి అడగండి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఆస్పత్రిలో కౌంటర్లో కాకుండా ఆరోగ్యమిత్రని, అంటే అక్కడ ఈ పథకం పనులు చూసే మనిషిని అడగండి, కేజీహెచ్‌లోనూ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) ఉంటారు.

ఓపీ మందులకి మాత్రం ఇది పనికిరాదు, అడ్మిట్ అయితేనే.