గేమ్ మధ్యలో పీసీ ఆగిపోతోందా? ఎస్ఎంపీఎస్ స్టిక్కర్ చూడండి

మీ ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, ఆర్టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు బాగానే ఉండి ఉంటాయి. బ్రౌజింగ్‌లో ఏమీ కాకుండా, గేమ్ మొదలెట్టిన పది నిమిషాలకే టక్కున ఆఫ్ అవుతోందన్నారు కదా, నా అనుమానం కేబినెట్‌తో పాటు వచ్చిన ఆ '500 వాట్ల' ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే డబ్బా) మీదే.

1. ప్లగ్ పీకి, పక్క డోర్ తీసి, దాని స్టిక్కర్ ఫోటో తీయండి.

2. అందరూ వదిలేసేది ఇదే. పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్లు కాదండి, +12 వోల్ట్ గడిలో ఎన్ని ఆంపియర్లో చూడాలి. ఆ అంకెను 12తో గుణించండి. 18 ఆంపియర్లే ఉంటే వచ్చేది 216 వాట్లు. ప్రధానంగా ఆ +12 మీదే నడిచే మీ కార్డుకే 170, ప్రాసెసర్ పూర్తి జోరులో 117, మొత్తం 287. ఆగక ఏం చేస్తుంది? +12 గడులు రెండుంటే ఆంపియర్లు కూడకండి, వాటికి కలిపి రాసిన వాట్లే లెక్క.

3. కొత్తది కొనేముందు గేమ్‌ని 60 ఎఫ్‌పీఎస్‌కి (సెకనుకు 60 ఫ్రేములకి) లిమిట్ చేసి, కార్డు మీద భారం తగ్గించి ఆడండి. ఆగడం తగ్గితే అనుమానం బలపడినట్టే. తగ్గకపోతే ప్రాసెసర్ వేడి చూడండి.

4. పేరున్న కంపెనీది, 550 వాట్లది తీసుకోండి. పాతదాని కేబుళ్లు కొత్తదానికి తగిలించొద్దు.

డబ్బు సరిపోకపోతే, ఇంకా కొనలేదన్న 1 టీబీ ఎస్ఎస్‌డీని 500 జీబీకి దించండి. లైట్ల ఫ్యాన్లు అసలే వద్దు, నేను వాటికి పోసి బాధపడ్డాను.

మా భీమవరం వైపు చేపల, రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు (నీటికి ఆక్సిజన్ అందించే మోటార్లు) తిరిగే వేళ ఓల్టేజీ పడిపోతుంటుంది. మీకూ అంతే అయితే తర్వాతి ఖర్చు యూపీఎస్‌కి పెట్టండి.