హైదరాబాద్ గుట్టల మీద గుండ్లు ఒకదానిపై ఒకటి ఎలా నిలిచాయి?

ఖాజాగూడ గుట్ట మీద ఎవరో పేర్చినట్టే ఉంటాయి గానీ, అవి ఎక్కడినుంచో దొర్లి వచ్చినవి కావు. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట నేల లోతుల్లో శిలాద్రవం చల్లారి గ్రానైట్ అయింది. పైపొరలు కోసుకుపోయి బరువు తగ్గేకొద్దీ అది అడ్డంగా, నిలువుగా పగుళ్లిచ్చింది. ఆ పగుళ్లలోకి దిగిన నీరు ముందు మూలల్ని తినేసింది. మూలకు రెండు మూడు వైపుల నుంచి తాకిడి కదా. పొడిపొడి అయిన రాయి వానలకు కొట్టుకుపోయాక, గట్టి భాగాలు ఉన్నచోటే గుండ్లుగా మిగిలాయి. అంటే చాలాచోట్ల పైగుండూ కిందిగుండూ ఒకప్పుడు ఒకే బండ!

మనుషులూ ఇక్కడ పాతవాళ్లే. మౌలాలిలో ఇనుపయుగపు సమాధులు దొరికాయి. గోల్కొండలో కుతుబ్‌షాహీలు పెద్ద గుండ్లను కలుపుకునే గోడలు లేపారు. మనమేమో పేల్చి కంకర చేస్తున్నాం. వాటిని కాపాడాలని ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ 1996 నుంచి పోరాడుతోంది.